సైడ్ కంట్రోల్ కింద ఏడాదిన్నర

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. కొండాపూర్‌లో ఉంటాను, ఐటీ ఉద్యోగం. బరువు 62 కిలోలు. ఏడాదిన్నరగా వారానికి మూడు రోజులు బ్రెజిలియన్ జియు-జిత్సు (నేల మీద పట్లతో సాగే కుస్తీలాంటి విద్య) క్లాసుకు వెళ్తున్నాను. వైట్ బెల్ట్ (మొదటి మెట్టు), రెండు స్ట్రైప్స్. రోజూ రాత్రి గంటా రెండు గంటలు వీడియోలు చూస్తాను. డెలా రివా గార్డ్, బెరింబోలో, లెగ్ లాక్స్ లాంటి టెక్నిక్‌లన్నీ నోట్స్ రాసుకున్నాను. రోల్ (ఇద్దరి మధ్య సాధన పోరు) మొదలయ్యాక మాత్రం ఒక్కటీ గుర్తుకు రాదు. ఎవరితో చేసినా రెండో నిమిషానికల్లా వెల్లకిలా ఉంటాను, ఎవరో ఒకరు ఛాతీ మోపి పైన కూర్చుని ఉంటారు. ఊపిరాడదు, చేతులు సచ్చుబడతాయి, ఇక ట్యాప్, అంటే చేత్తో తట్టి ఓటమి ఒప్పుకోవడమే. నా తర్వాత చేరినవాళ్లు కూడా ట్యాప్ చేయిస్తున్నారు. చిన్నప్పుడు ఊళ్లో కబడ్డీ బాగా ఆడేవాణ్ని, శరీరం మొద్దుబారిందేమీ కాదు. మా ఆవిడ "డబ్బులిచ్చి మరీ తన్నులు తినడం ఎందుకండీ" అంటోంది. వారానికి ఐదు రోజులు వెళ్లాలా? ఆన్‌లైన్ కోర్సు ఏదైనా కొనాలా? మూడు నెలల్లో ఒక పోటీ ఉంది, పాల్గొనమంటారా? ఇంకో చిన్న విషయం, మోచేతి మడతలో గుండ్రంగా ఎర్రటి మచ్చ వచ్చి దురద పెడుతోంది. మెడికల్ షాపులో క్రీమ్ తెచ్చి రాస్తున్నాను.
— ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం:

మీ ఉత్తరంలో ట్యాపుల సంగతి కన్నా ముందు నా కంట్లో పడింది "ఎవరితో చేసినా రెండో నిమిషానికల్లా వెల్లకిలా" అన్న మాట. ఎదుటివాడు ఎవరైనా, ఎంత బరువున్నా మీరు ఓడేది ఒకే చోట. రోజుకో చోట ఓడిపోయేవాడికి ఏం చెప్పాలో ఎవరికీ తోచదు. మీకు చెప్పొచ్చు. పైన ఛాతీ మోపి ఉన్నాడంటే అది సైడ్ కంట్రోల్. రాబోయే రెండు నెలలు దాని కింద నుంచి బయటపడటం తప్ప ఇంకేమీ నేర్చుకోకండి. క్లాసులో కోచ్ ఏది చూపిస్తే అది చేయండి, అది వేరే సంగతి. మీ సొంత పూనికతో నేర్చుకునేది మాత్రం ఇదొక్కటే.

బెరింబోలో వద్దని కాదు. అది రావాలంటే మీరు గార్డ్‌లో, అంటే కింద ఉండి కాళ్లతో ఎదుటివాణ్ని అడ్డుకునే స్థితిలో ఉండాలి, మీ కాళ్లకు అతని మీద పట్టు కుదరాలి, అతను బ్యాలెన్స్ కోసం తంటాలు పడుతుండాలి. అక్కడిదాకా మీరు వెళ్లడమే లేదు. వెళ్లినా పదిహేను సెకన్లకు మించి నిలబడటం లేదు. అడుగు పెట్టని ఊరికి దారులన్నీ రాసుకుని ఉన్నారు. రోల్‌లో గుర్తుకు రావడం లేదంటే మీ జ్ఞాపకశక్తి తప్పేం లేదు, ఆ టెక్నిక్ పనికొచ్చే పరిస్థితే రాలేదు.

ఇక సైడ్ కంట్రోల్‌ని కాస్త దగ్గరగా చూద్దాం. ఎదుటివాడు మీ కుడి పక్కన ఉన్నాడనుకోండి. అతని ఛాతీ మీ ఛాతీ మీద అడ్డంగా ఉంది. ఒక చెయ్యి మీ తల కింద నుంచి వచ్చింది, ఆ భుజం మీ దవడను ఎడమవైపుకు తోస్తోంది. దాన్నే క్రాస్‌ఫేస్ అంటారు. ముఖం ఎటు తిరిగితే ఒళ్లు అటే తిరుగుతుంది. ముఖం ఎడమకు ఉన్నంతసేపు మీరు కుడికి, అంటే అతని వైపుకు, తిరగలేరు. మిమ్మల్ని కట్టిపడేసేది అతని బరువు కన్నా ఎక్కువగా ఈ భుజమే. 85 కిలోలవాడు ఛాతీ మోపి ఊరికే పడుకుంటే భరించొచ్చు. 65 కిలోలవాడు క్రాస్‌ఫేస్ సరిగ్గా పెడితే ఉడుంపట్టే.

అప్పుడు మీరు ఏం చేస్తారో నేను చూడకుండానే చెప్పగలను. రెండు అరచేతులూ అతని ఛాతీకి ఆనించి, బలమంతా పెట్టి పైకి నెడతారు. చేతులు సచ్చుబడేది అందుకే. పైగా మోచేతులు పక్కటెముకలను వదిలి పైకి లేచాయంటే అమెరికానా, ఆర్మ్‌బార్ లాంటి చెయ్యి వంచే పట్లకు మీ చెయ్యి మీరే అందించినట్టు. మీ కొత్త జూనియర్లకు ట్యాపులు అంత సులువుగా దొరకడానికి ఇదే కారణం అయ్యుండాలి.

నెట్టకండి, అడ్డు పెట్టండి. ఎడమ ముంజేయి అతని మెడకు అడ్డంగా ఉండాలి, మోచేయి మడిచే ఉండాలి. కుడి ముంజేయి అతని తుంటి ఎముకకు అడ్డంగా ఉండాలి. పడిపోయేలా ఉన్న గోడకు ఊతకర్ర పెడతాం చూడండి, ఆ కర్ర గోడను నెట్టదు, ఊరికే నిలబడుతుంది. ఫ్రేమ్ అంటే అదే. బరువు మోసేది ఎముక, కండ కాదు. అందుకే 62 కిలోలవాడికి ఇది పనికొస్తుంది.

ఫ్రేములు కుదిరాక పాదాలు పిరుదుల దగ్గరికి లాక్కుని తుంటి పైకెత్తండి. ఇదే బ్రిడ్జ్. అతన్ని అవతలికి దొర్లించేయాలన్న ఆశ పెట్టుకోవద్దు. అతని బరువు ఒక్క క్షణం తేలితే చాలు. అసలు కిటుకు కిందికి దిగడంలో ఉంది. లేచిన చోటే దిగితే మళ్లీ మొదటికొస్తారు. దిగేటప్పుడు తుంటిని ఎడమవైపుకు జరుపుతూ, కుడి పక్కకు ఒత్తిగిలుతూ, అతనికి ఎదురుగా తిరుగుతూ దిగాలి. ఫ్రేములు ఎక్కడివక్కడే ఉండాలి. జరిగేది మీరు, అతను కాదు. ఇప్పుడు మీ ఇద్దరి మధ్య బెత్తెడు ఖాళీ వస్తుంది. ఆ ఖాళీలోకి కుడి మోకాలు దూర్చి కుడి మోచేతికి తగిలించండి. మోకాలూ మోచేయీ కలిశాయంటే అతను మళ్లీ ఛాతీ మోపడానికి చోటు లేదు. అక్కడి నుంచి రెండో కాలు కూడా తెచ్చి, అతని నడుము చుట్టూ కాళ్లు మెలేసి గార్డ్ మూసుకోవచ్చు.

చాలామంది బ్రిడ్జ్ బాగానే చేస్తారు, తుంటి జరపడమూ వస్తుంది. తీరా జరిగే సమయానికి మెడ దగ్గరి ఫ్రేమ్ వదిలేసి ఆ చేత్తో ఇంకేదో పట్టుకోబోతారు. అతను ఆ ఖాళీలోకి జారిపోతాడు. మీ పార్ట్‌నర్‌ని ఆ ఒక్కటీ గమనించమనండి.

అతను కూడా ఊరుకోడు కదా. మెడకు ఫ్రేమ్ పెట్టనివ్వకుండా తల దించి మీకు అతుక్కుపోతాడు. అప్పుడు అతని చంక కింద దారి తెరుచుకుంటుంది. ఎడమ చెయ్యి అందులోంచి పోనిచ్చి వీపు వైపుకు చాపండి, అదే అండర్‌హుక్. బ్రిడ్జ్ చేసి, అతని వైపే తిరిగి, మోకాళ్ల మీదికి లేవండి. దొరికితే కాలు పట్టుకోండి. ఒకటి మూస్తే రెండోది తెరుచుకుంటుంది. రెండు నెలలకు ఈ రెండు దారులు చాలు. అతనికి వీపు చూపిస్తూ ఎడమవైపుకు తిరిగి పారిపోవడం మాత్రం ఎంత ఊపిరాడకపోయినా వద్దు. సైడ్ కంట్రోల్ కింద ఉన్నవాడి బాధ కన్నా వీపు ఇచ్చినవాడి బాధ చాలా పెద్దది.

ఇదంతా అతను పూర్తిగా కుదురుకున్నాక చేస్తే కష్టం, కుదురుకునేలోపు చేస్తే సగం బలం చాలు. మీ కాళ్లు దాటుతున్నాడని తెలిసిన క్షణంలోనే, ఛాతీ ఇంకా కిందికి రాకముందే, ముంజేతులు లోపలికి రావాలి. కాళ్లు దాటగానే "అయిపోయింది" అనుకుని ఒక సెకను మీరు ఆగుతున్నారని నా అనుమానం. వైట్ బెల్టుల్లో ఇది సర్వసాధారణం. ఆ సెకనులోనే అతను క్రాస్‌ఫేస్ పెట్టేస్తాడు.

ఇప్పుడు దీన్ని ఎలా సాధన చేయాలన్నది. వీడియో చూసి, క్లాసులో నాలుగుసార్లు చేసి, రోల్‌లో ఎప్పుడైనా తగిలితే వాడదాం అనుకుంటే ఇంకో ఏడాదిన్నర పడుతుంది. ఐదు నిమిషాల రోల్‌లో ఆ పరిస్థితి మహా అయితే రెండుసార్లు వస్తుంది, వచ్చినప్పుడు మీరు కంగారులో ఉంటారు. అందుకే రోల్‌ని అక్కడి నుంచే మొదలుపెట్టండి. కోచ్‌కి ఒక మాట చెప్పి, రోజూ మొదటి రెండు రోల్స్ ఇలా అడగండి: "అన్నా, నేను కింద, నువ్వు సైడ్ కంట్రోల్‌లో. నేను గార్డ్ తెచ్చుకున్నా, మోకాళ్ల మీదికి లేచినా మళ్లీ అక్కడి నుంచే. నువ్వు మౌంట్‌కి వెళ్లినా, ట్యాప్ చేయించినా మళ్లీ అక్కడి నుంచే." (మౌంట్ అంటే మీ పొట్ట మీద ఇరువైపులా కాళ్లు వేసి కూర్చోవడం.) ఎవరూ కాదనరు. పైన ఉండే అవకాశం ఎవరికి చేదు? పది నిమిషాల్లో పాతికసార్లు అదే సమస్య మీ ముందుకు వస్తుంది. అన్నిసార్లు వచ్చినప్పుడే శరీరానికి అర్థమవుతుంది.

మొదటి వారం పార్ట్‌నర్‌ని పట్టి ఉంచమనండి, అంతే. ట్యాప్ కోసం వెతకొద్దనండి. తర్వాతి వారం దాడి కూడా చేయమనండి. నెల దాటాక ఇంకొంచెం వెనక్కి వెళ్లండి. అతను మీ మోకాళ్లు దాటుతున్న దగ్గర మొదలుపెడితే ఫ్రేమ్ ఎంత తొందరగా రావాలో తెలుస్తుంది. ఎంత బలం పెట్టమనాలో కొలత ఒకటుంది. పదిసార్లలో మూడునాలుగుసార్లు మీరు బయటపడేలా ఉండాలి. ఒక్కసారీ రాలేదంటే బలం తగ్గించమనండి, లేదా తేలికైన పార్ట్‌నర్‌ని ఎంచుకోండి. ప్రతిసారీ వచ్చేస్తోందంటే ఆ 85 కిలోల ఆయన దగ్గరికి వెళ్లండి. మొదటిరోజే ఆయన దగ్గరికి వెళ్లి పౌరుషం చూపించాల్సిన పని లేదు.

ఒకే కదలికను ప్రతిఘటన లేకుండా వందలసార్లు డ్రిల్ చేయాలా, మొదటి నుంచే ఎదుటివాడు అడ్డుకునేలా ఆటలాగా సాధన చేయాలా అని జియు-జిత్సు లోకంలో ఇప్పుడు పెద్ద వాదనే నడుస్తోంది. రెండు పక్షాల్లోనూ గొప్ప ఆటగాళ్లున్నారు కాబట్టి తీర్పు చెప్పే సాహసం చేయను. కానీ మీలాంటివాళ్ల విషయంలో నాకు సందేహం లేదు. చెయ్యి ఎక్కడ, కాలు ఎక్కడ అన్నది తెలియడానికి పది నిమిషాల డ్రిల్ చాలు. ఆ తర్వాత ఎదుటివాడు ఒప్పుకోకుండా ఉంటేనే నేర్చుకుంటారు. ఇదేం కొత్త సంగతి కాదు. 1882లో టోక్యోలో జిగోరో కానో కోడోకాన్ పెట్టినప్పుడు, పాత జుజుత్సులోని ప్రమాదకరమైన పట్లను పక్కన పెట్టి, మిగిలినవాటిని పూర్తి బలంతో ఒకరి మీద ఒకరు ప్రయోగించి నేర్చుకునే రాందోరికి పెద్దపీట వేశాడు. అక్కడ తయారైన మిత్సుయో మయెదా 1914లో బ్రెజిల్ చేరాడు. బెలెమ్ నగరంలో ఆయన దగ్గర నేర్చుకున్న కుర్రాడే కార్లోస్ గ్రేసీ, బ్రెజిలియన్ జియు-జిత్సుకు ఆద్యుల్లో ఒకడు. మీరు క్లాసులో రోల్ అంటున్నది ఆ రాందోరి వారసత్వమే. ప్రాణం తీసే పట్లు నేర్పుతామని, అందుకే నిజంగా పోటీ పడకూడదని చెప్పే విద్యలకూ, దీనికీ తేడా అక్కడే ఉంది.

మీ నోట్స్ మానేయకండి, అందులో రాసేది మార్చండి. టెక్నిక్ పేర్లు వద్దు. క్లాసు అయ్యాక బండి తీసేముందు ఒక్క లైను: ఈరోజు ఎక్కడ ఆగిపోయాను, అప్పుడు అతని చెయ్యి ఎక్కడుంది. "తుంటి జరిపాను, మోకాలు దూరలేదు, అతను చేత్తో మోకాలు కిందికి నొక్కాడు." ఇలాంటి లైను ఒకటి రాశారంటే, వీడియోలో వెతకాల్సింది ఏమిటో దొరికింది. రాత్రి రెండు గంటలు అక్కర్లేదు, పది నిమిషాల్లో మీ ప్రశ్నకు జవాబు చూసుకుని పడుకోండి. ఆ మిగిలిన నిద్ర మీ ఆటకు ఏ బెరింబోలో కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

ఊపిరి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మీరు కబడ్డీ అన్నారు. కబడ్డీలో కూత ఆపకుండా, ఒక్క ఊపిరితో వెళ్లి రావాలి. ప్రొ కబడ్డీలో రెయిడ్ అంటే 30 సెకన్లు. ఆ కాసేపట్లో ఉన్నదంతా పెట్టేయాలి, తర్వాత నిలబడి తేరుకోవచ్చు. చిన్నప్పుడు ఒంటికి పట్టిన ఆ అలవాటు మ్యాట్ మీద మీకు తెలియకుండానే బయటికొస్తుంది. ఊపిరి బిగబట్టి ముప్పై సెకన్లు విరుచుకుపడతారు, ఇంకా నాలుగున్నర నిమిషాలు మిగిలి ఉంటాయి. ఊపిరాడకపోవడానికి పైవాడి బరువు ఎంత కారణమో ఇదీ అంతే కారణం. బ్రిడ్జ్ ఎత్తేటప్పుడు నోటితో ఊపిరి వదలండి, పక్కవాళ్లకు వినిపించేలా. సిగ్గుపడొద్దు. వదిలితే లోపలికి అదే వస్తుంది. ఆ రెండు రోల్స్‌లో ఒకదాన్ని ముక్కుతో మాత్రమే ఊపిరి తీస్తూ చేసి చూడండి. నోరు తెరవాల్సి వచ్చిన చోటే మీరు అనవసరంగా బలం పెడుతున్నారు. కబడ్డీ వల్ల మేలు లేదని కాదు. చీలమండ పట్టు, నడుము పట్టు, తోపులాటలో బ్యాలెన్స్ అన్నీ అక్కడి నుంచే తెచ్చుకున్నారు. అవి నిలబడి ఆడేటప్పుడు అక్కరకొస్తాయి.

ఐదు రోజులు వద్దు. రోజంతా కుర్చీలో కూర్చునే 31 ఏళ్ల ఒంటికి మూడు రోజులు మంచి లెక్క. ఐదు రోజులు వెళ్తే ఐదు రోజులూ అదే చోట అదే విధంగా నలుగుతారు. కావాలంటే ఇంట్లో నేల మీద ఏదైనా మెత్తటిది పరుచుకుని రోజూ పది నిమిషాలు బ్రిడ్జ్, హిప్ ఎస్కేప్ (పైన చెప్పిన తుంటి జరపడం) రెండు వైపులా చేయండి. చాలామందికి కుడివైపు వచ్చినట్టు ఎడమవైపు రాదు, దాని మీద కాస్త ఎక్కువ పని పెట్టండి.

కోర్సు ఇప్పుడే కొనకండి, మీకు కావాల్సింది కొత్త టెక్నిక్‌లు కాదు. రోజర్ గ్రేసీ బ్లాక్ బెల్ట్ విభాగంలో 10 ప్రపంచ టైటిళ్లు గెలిచాడు. అతనికి ఎక్కువ పేరు తెచ్చింది మౌంట్ నుంచి వేసే క్రాస్ చోక్ అనే మెడ పట్టు, అంటే ప్రతి కొత్తవాడికీ తొలి నెలల్లోనే నేర్పే పట్టు. అది వస్తోందని ఎదుటివాడికి తెలుసు, చూసేవాళ్లకూ తెలుసు, అయినా ఆపలేకపోయేవారు. చిన్న శరీరం గురించి దిగులుంటే మార్సెలో గార్సియా ఆట చూడండి. ఏడీసీసీ అనే పెద్ద అంతర్జాతీయ పోటీని 77 కిలోల లోపు విభాగంలో నాలుగుసార్లు గెలిచినవాడు, 2007లో బరువు పరిమితి లేని విభాగంలో ఫైనల్ దాకా వెళ్లాడు. అతను కిమురా లాంటి చేతి పట్లను పెద్దగా నమ్ముకోలేదు. పెద్దవాళ్ల చెయ్యి వంచడానికి బలం కావాలి, మెడ మాత్రం ఎవరిదైనా ఒకటే. అందుకే వీపు ఎక్కడం, మెడ పట్టడం మీదే ఆట కట్టాడు. అతన్ని చూసేది ఇప్పటికిప్పుడు ఆ టెక్నిక్‌లు నేర్చుకోవడానికి కాదు, తన సైజుకు ఏది నప్పుతుందో ఎంత తెగింపుతో ఏరుకున్నాడో చూడటానికి.

జూనియర్లు ట్యాప్ చేయిస్తున్నారన్న బాధ గురించి రెండు మాటలు. వాళ్లలో ఎందరు మీకన్నా పది కిలోలు ఎక్కువ, ఎందరు ఇంతకుముందు జూడోనో కుస్తీనో చేసినవాళ్లు, ఎందరు మీ కన్నా పదేళ్లు చిన్న, లెక్క వేసుకోండి. పాతబస్తీ తాలీముల్లో పెరిగిన పహిల్వాన్ వైట్ బెల్ట్ కట్టుకుని వచ్చినా పహిల్వానే. పైగా అంతర్జాతీయ జియు-జిత్సు సమాఖ్య (ఐబీజేజేఎఫ్) నియమాల్లో వైట్ నుంచి బ్లూకి ఇన్నాళ్లు అన్న లెక్కే లేదు. బ్లూ నుంచి పర్పుల్‌కి మాత్రం పెద్దవాళ్లకు కనీసం 2 ఏళ్లు. ఇంత నెమ్మదిగా నడిచే విద్యలో ఏడాదిన్నర దగ్గర కూర్చుని పక్కవాడి స్ట్రైప్స్ లెక్కపెట్టడం టైం వేస్ట్.

ట్యాప్ చేయడంలో మాత్రం ఆలస్యం వద్దు. కిమురా పట్టుకు ఆ పేరు ఎలా వచ్చిందో తెలుసు కదా. 1951లో రియోలోని మరకానా స్టేడియంలో జపాన్ జూడో వీరుడు మసహికో కిమురా ఆ పట్టుతో హీలియో గ్రేసీ చెయ్యి విరిచాడు. హీలియో ట్యాప్ చేయలేదు, అన్న కార్లోస్ టవల్ విసిరి ఆపించాడు. హీలియో చరిత్రలో నిలిచిపోయాడు, సరే. మీకు సోమవారం కీబోర్డు మీద పనుంది. మోచేయి, భుజం, మోకాలు పట్టు బిగిసిందని తెలియగానే ట్యాప్ చేయండి. మెడ పట్టు సరిగ్గా పడితే పది సెకన్ల లోపే స్పృహ పోవచ్చు, అక్కడ ఓపిక చూపించడంలో గొప్పేం లేదు. మీ ఆవిడకు చెప్పాల్సిన జవాబు కూడా ఇదే అనుకుంటాను: ఇందులో తన్నులు లేవు, ఎప్పుడు ఆపాలో చెప్పే హక్కు ప్రతిసారీ మీ చేతిలోనే ఉంది. వీలైతే ఒకరోజు క్లాసుకు తీసుకెళ్లి కూర్చోబెట్టండి.

పోటీకి వెళ్లమనే అంటాను. గెలుస్తారని కాదు, మూడు నెలల సాధనకు ఒక తేదీ ఉంటుందని. మీది 30 దాటిన వయసు కాబట్టి చాలా పోటీల్లో మాస్టర్ 1 విభాగంలో దిగొచ్చు, పాతికేళ్ల కుర్రాళ్లతో తలపడే అవసరం ఉండదు. ఐబీజేజేఎఫ్ నియమాల్లో వైట్ బెల్ట్ మ్యాచ్ 5 నిమిషాలు. పడేస్తే 2, స్వీప్‌కి, అంటే కింద నుంచి అతన్ని దొర్లించి పైకి వస్తే 2, పొట్ట మీద మోకాలికి 2, గార్డ్ దాటితే 3, మౌంట్‌కీ వీపు ఎక్కినందుకూ 4 చొప్పున. దాటిన తర్వాత సైడ్ కంట్రోల్‌లో ఎంతసేపు పట్టి ఉంచినా వేరే పాయింట్లు లేవు. పైగా ఆ 3 పాయింట్లు రావాలంటే 3 సెకన్లు నిలబెట్టాలి. ఇంతకుముందు చెప్పిన ఆ ఒక్క సెకను విలువ ఇక్కడ తెలుస్తుంది. అతను కుదురుకునేలోపు మోకాలు లోపలికి వస్తే పాయింట్లే లేవు. ఆలస్యమైతే 3 పోయి, కాసేపటికి మౌంట్‌కి ఇంకో 4 పోతాయి.

పోటీకి ఇంకో రెండు విషయాలు చాలు. నిలబడి మొదలైనప్పుడు ఏం చేయాలో ఒకటి నిర్ణయించుకోండి. మీరైతే పట్టు పట్టుకుని కూర్చుని గార్డ్‌లోకి లాగడమే మేలు, గెంతి నడుముకు కాళ్లు వేయడం వైట్ బెల్ట్‌లకు నిషిద్ధం. అక్కడ క్లోజ్‌డ్ గార్డ్ నుంచి ఒక స్వీప్, సిజర్ అయినా హిప్ బంప్ అయినా, ఏది చేతికొస్తే అది. మూడో నెలంతా దానికి పెట్టండి. మణికట్టు పట్లు, నీబార్, టో హోల్డ్, హీల్ హుక్ అనే కాలి పట్లు వైట్ బెల్ట్‌లకు లేవు కాబట్టి మీ లెగ్ లాక్స్ నోట్సులో చాలా భాగం అక్కడ చెల్లదు. స్ట్రెయిట్ యాంకిల్ లాక్ ఒక్కటే చెల్లుతుంది. బరువు గి (క్లాసులో వేసుకునే మందపాటి దుస్తులు) వేసుకునే, మ్యాచ్‌కి కాస్త ముందు చూస్తారు. 64 కిలోల విభాగానికి మీ 62, గి కలిపితే అంచున ఉన్నారు. ఒక పూట రాత్రి భోజనం తేలిగ్గా తింటే సరిపోతే సరే, కడుపు మాడ్చుకోవాల్సి వస్తే 70 విభాగంలో పేరు ఇవ్వండి. మీరు చెప్పిన పోటీ ఐబీజేజేఎఫ్ నియమాలే పాటిస్తుందో లేదో నిర్వాహకుల పత్రం తెప్పించుకుని చూడండి, కొన్నిచోట్ల మార్పులుంటాయి.

చివరగా ఆ మచ్చ. మీరు చిన్న విషయం అన్నారు గానీ, ఈ ఉత్తరంలో రేపే చేయాల్సిన పని ఏదైనా ఉంటే అదే. గుండ్రంగా, ఎర్రగా, దురదతో ఉందంటే తామర అయ్యే అవకాశం ఎక్కువ, మ్యాట్ మీద ఒకరి నుంచి ఒకరికి ఇట్టే అంటుకుంటుంది. మెడికల్ షాపులో అడిగితే ఇచ్చే క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజులు దురద తగ్గి బాగైనట్టే ఉంటుంది, లోపల ఫంగస్ మాత్రం పాకుతుంది, తర్వాత మామూలు మందుకు లొంగకపోవచ్చు. ఆ ట్యూబు తీసుకుని చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మందు ఎన్నాళ్లు వాడమంటే అన్నాళ్లూ వాడండి, మచ్చ కనిపించకుండా పోగానే ఆపేయకండి. ఆయన సరేననేదాకా మ్యాట్ ఎక్కొద్దు, కోచ్‌కి కూడా చెప్పండి, వాళ్లు మ్యాట్లు తుడిపించుకుంటారు. గి ప్రతి క్లాసుకూ ఉతికిందే ఉండాలి. వానాకాలంలో మన దగ్గర రెండు రోజులైనా ఆరదు కాబట్టి రెండోది కొనుక్కోండి. కోర్సుకు పెడదామనుకున్న డబ్బు దానికి సరిపోతుంది.